అరుదుగా ఆగే లిఫ్టులు

కరోనా తర్వాత ఆఫీసులన్నీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, ఏప్రిల్ మొదటి వారంలో, నోయిడాలోని మా ప్రాంతీయ కార్యాలయం నుంచి నా పేరు మీద ఒక ఆఫీసు ఆర్డరు వచ్చింది. మాది లిఫ్టుల కంపెనీ. నేను అప్పుడు సర్వీసు విభాగంలో డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని. కొత్త లిఫ్టులు అమ్మేవాళ్ళు వేరు, బిగించేవాళ్ళు వేరు. బిగించినవి ఏళ్ళ తరబడి తిరిగేలా చూడటం మా విభాగం పని. ఢిల్లీ, నోయిడా, ఘజియాబాద్‌లలో మా లిఫ్టు ఎక్కడుంటే అక్కడిదాకా నా పరిధి. ఆ పనికి తోడుగా నన్ను ఒక కొత్త ప్రాజెక్టుకు 'డొమైన్ మెంటర్'గా నియమిస్తున్నట్టు ఆర్డరులో ఉంది. కంప్యూటరు తెలిసినవాళ్ళకు లిఫ్టు అంటే ఏమిటో చెప్పే పెద్దమనిషి అని దానర్థం. రిటైర్మెంటు దగ్గరపడినవాళ్ళకు ఇలాంటి పదవులు ధారాళంగా దొరుకుతాయి.

ప్రాజెక్టు ఇది. మా లిఫ్టుల్లో చాలావాటికి అప్పటికే ఒక చిన్న పెట్టె అమర్చి ఉంది. తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంది, మూసుకోవడానికి ఎంతసేపు తీసుకుంది, క్యాబిన్ అంతస్తుకు సమంగా ఆగిందా లేక వేలెడు పైనో కిందో ఆగిందా, మోటారు ఎంత వేడెక్కింది, ఇవన్నీ అది సర్వరుకు పంపుతూ ఉంటుంది. ఆ అంకెలు చూసి, వచ్చే వారంలో ఏ లిఫ్టులో 'మ్యాన్ ట్రాప్' జరగబోతోందో ముందే చెప్పగలిగే మోడల్ తయారు చెయ్యాలి. మ్యాన్ ట్రాప్ అంటే మనుషులు లోపల ఉండగా లిఫ్టు రెండు అంతస్తుల మధ్య నిలిచిపోవడం. ఖాళీ లిఫ్టు పాడైతే జనం మెట్లెక్కి తిట్టుకుంటారు, అంతే. లోపల మనిషి ఉంటే కథ వేరు. మా వృత్తిలో దీనికి మించిన చెడ్డపేరు ఇంకొకటి లేదు. ముందే తెలిస్తే మెకానిక్‌ను ముందే పంపొచ్చు.

మోడల్ తయారు చేయవలసిన అనలిస్టు పేరు స్రవంతి. కరీంనగర్ అమ్మాయి, హైదరాబాదులో చదివింది, మయూర్ విహార్‌లో ఒక పీజీలో ఉంటూ మెట్రోలో వచ్చేది. కిందటి జూలైలో ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ప్రాజెక్టు మొదటి రోజే నా గదికి వచ్చి, కూర్చోమనేలోపే విషయం తేల్చేసింది.

"సార్, జూన్ ఆఖరుకు నా కాంట్రాక్టు అయిపోతది. ఈ మోడల్ నడిస్తే పర్మనెంట్ చేస్తమన్నరు. నడవకుంటే సామాను సర్దుకునుడే. మీరు తెలుగువాళ్ళని విని సగం ధైర్యం వచ్చింది."

"మిగతా సగం?"

"మీకు లిఫ్టులు తెలుసంట కద, అది."

నా గురించి రెండు మాటలు చెప్పాలి. నేను చదివింది గుంటూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా. మిగతా చదువంతా లైబ్రరీల్లో జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సాకేత్ దగ్గర అద్దెగదిలో ఉన్నప్పుడు, శనివారం మధ్యాహ్నం పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఫ్యాను బాగా తిరుగుతుందని వెళ్ళాను, పుస్తకాలు అలవాటయ్యాయి. గణాంక శాస్త్రం నాకు ఏ కాలేజీ వాళ్ళూ చెప్పలేదు. సగటు, విచలనం, సంభావ్యత అన్నీ ఆ చెక్కబల్లల మీద, పెన్సిలుతో లెక్కలు చేసుకుంటూ నేర్చుకున్నవే. వాటిని పని దగ్గర వాడుకున్నాను కూడా. ఏ కంపెనీ తలుపు మోటారు ఎంతకాలం మన్నుతుందో అంచనా కట్టి హెడ్డాఫీసును ఒప్పించిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఆర్డరు అందిన శనివారమే మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి, మెషీన్ లెర్నింగ్ మీద వాళ్ళ దగ్గరున్న ఒకే ఒక్క పుస్తకం తెచ్చుకున్నాను. వర్గీకరణ అనే అధ్యాయం రెండుసార్లు చదివాను. వస్తువుల్ని గుంపులుగా విడదీయడం మెషీన్‌కు ఎలా నేర్పాలో అందులో ఉంది. మాకు గుంపులు రెండే. ఆగబోయే లిఫ్టులు, ఆగనివి.

ఏప్రిల్ ఆఖరుకు స్రవంతి మొదటి మోడల్ సిద్ధం చేసింది. తన కుర్చీ పక్కన నాకో కుర్చీ వేయించి, తెర చూపించింది. "తొంభై తొమ్మిదికి పైనే వచ్చింది సార్ కచ్చితత్వం" అని చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి ముఖం వెలిగిపోతోంది.

లైబ్రరీ పుస్తకంలో సరిగ్గా ఈ సంగతి గురించే ఒక పేజీ ఉంది. అందుకని అడిగాను. "అమ్మా, ఇది ఏ లిఫ్టు ఆగుతుందని చెప్పింది?"

స్రవంతి తెర మీద వెతికింది. కిందికి జరిపింది, పైకి జరిపింది. ఏ లిఫ్టూ ఆగుతుందని అది చెప్పలేదు.

"నేనూ ఒక మోడల్ చేశాను" అన్నాను. "కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఏ లిఫ్టూ ఎన్నడూ ఆగదు. అదే నా మోడల్. దానికి ఎన్ని మార్కులొస్తాయో చూడు."

కాసేపు టకటకా కొట్టి చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "మీదానికీ నాదానికీ సమానంగనే వచ్చినయి సార్! ఏం చెయ్యకుండనే క్లాసు ఫస్టు!"

ఇందులోని మర్మం చిన్నది. ఒక లిఫ్టుకు ఒక రోజుకు ఒక వరస చొప్పున మా పట్టికలో లక్షల వరసలున్నాయి. వాటిలో మ్యాన్ ట్రాప్ జరిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టేంత కాకపోయినా, వెయ్యి వరసలకు ఒకటో రెండో. మెషీన్ సోమరిది. 'అంతా బాగుంది' అని అన్నిటికీ ఒకే జవాబు రాసేస్తే దాదాపు అన్నీ సరైనవే అవుతాయి. కానీ మాకు కావలసింది ఆ వెయ్యింటిలో ఒక్కటి. ఒక వర్గం కొండంత, ఇంకో వర్గం చిటికెడంత ఉండే ఇలాంటి పట్టికను అసమతుల్య డేటా అంటారు. అక్కడ మొత్తం మార్కులు చూడటం దండగ.

నేను పూర్వం రోగనిర్ధారణ పరీక్షల గురించి ఒక పుస్తకం చదివి ఉన్నాను. లిఫ్టులవాడికి అది ఎందుకని లైబ్రేరియన్ అప్పట్లో నన్ను ఎగాదిగా చూశాడు. డాక్టర్లు ఒక పరీక్షను రెండు ప్రశ్నలతో తూస్తారు. నిజంగా జబ్బున్నవాళ్ళలో ఎంతమందిని అది పట్టుకుంది? అది పట్టుకున్నవాళ్ళలో ఎంతమందికి నిజంగా జబ్బుంది? ఈ రెండు ప్రశ్నలనే మెషీన్ లెర్నింగ్ వాళ్ళు రీకాల్ అనీ, ప్రెసిషన్ అనీ అంటారు. మొదటిది తగ్గితే మనుషులు లిఫ్టులో ఇరుక్కుంటారు. రెండోది తగ్గితే మెకానిక్‌లు ఊరికే తిరుగుతారు. స్రవంతి ఈ రెండిటినీ ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తన తెర అంచున అంటించుకుంది.

పది రోజుల తర్వాత సమోసాలు పట్టుకుని నా గదికి వచ్చింది. అరుదైన వరసలకు కాపీలు తీసి వాటి సంఖ్య పెంచిందట. అది ఈ రంగంలో అందరూ వాడే పద్ధతే. ఒక్కో మ్యాన్ ట్రాప్ వరసను పదే పదే చూపిస్తే మెషీన్ దాన్ని పట్టించుకుంటుంది. ఈసారి మోడల్ దాదాపు అన్ని ట్రాపుల్నీ పట్టేసింది. తప్పుడు హెచ్చరికలు కూడా బహు కొద్ది.

నేను సమోసా అందుకుని, మెకానిక్ బుద్ధితో, అది పట్టుకున్న లిఫ్టులేవో చూపించమన్నాను. అంకె ఎంత గొప్పదైనా లిఫ్టు పేరు వినకపోతే నాకు నమ్మకం కుదరదు. స్రవంతి జాబితా తెరిచింది. ఘజియాబాద్‌లో ఒక లిఫ్టు. దాని కింద మళ్ళీ అదే లిఫ్టు, అదే తేదీ. ఇంకాస్త కిందికి పోతే మళ్ళీ అదే.

స్రవంతి సమోసా పళ్ళేన్ని నా వైపు నెట్టింది.

"సార్, పేపర్ లీకైంది."

జరిగింది ఏమిటంటే, మోడల్ తయారీలో పట్టికను రెండు ముక్కలు చేస్తారు. పెద్ద ముక్కతో మెషీన్‌కు పాఠం చెబుతారు. చిన్న ముక్కను దాచిపెట్టి దానితో పరీక్ష పెడతారు. ఈ అమ్మాయి కాపీలు ముందు తీసి, ముక్కలు తర్వాత చేసింది. దాంతో ఒకే ట్రాపు తాలూకు కాపీలు పాఠంలోకీ వెళ్ళాయి, పరీక్షలోకీ వెళ్ళాయి. బట్టీ పట్టిన ప్రశ్నలే పరీక్షలో వస్తే ఎవరికైనా డిస్టింక్షనే. ఈ పనిలోకి దిగిన ప్రతివాళ్ళూ ఒకసారైనా ఇక్కడ కాలు జారతారని పుస్తకంలో ఉంది. అది చదివి వినిపిస్తే స్రవంతి కాస్త తేరుకుంది. "ఆ పేజీ మొన్ననే చూపించొచ్చు కద సార్, సమోసాల పైసలన్న మిగిలేవి" అంది.

ఈసారి ముందే ముక్కలు చేసింది. అది కూడా లిఫ్టుల వారీగా, కాలం వారీగా. పాత నెలలు పాఠానికి, కొత్త నెలలు పరీక్షకు. ఒకే అపార్టుమెంటు సొసైటీ లిఫ్టు పాఠం వైపూ పరీక్ష వైపూ ఉండకుండా జాగ్రత్త పడింది. కాపీలు మానేసి, తప్పులకు వేర్వేరు శిక్షలు పెట్టింది. జరగబోయే ట్రాపును వదిలేస్తే పెద్ద శిక్ష, ఉత్తుత్తి హెచ్చరిక చేస్తే చిన్న శిక్ష. ఇప్పుడు వచ్చిన ఫలితం నిజాయితీగా ఉంది, అంత అందంగా మాత్రం లేదు. సగానికి పైగా ట్రాపుల్ని పట్టుకుంది గానీ, ఒక్కో సరైన హెచ్చరికకు చాలా తప్పుడు హెచ్చరికలు ఇచ్చింది.

మే నెల సమీక్షకు మా వైస్ ప్రెసిడెంట్ భాటియా గారు వచ్చారు. సేల్స్ నుంచి పైకొచ్చిన మనిషి. గొంతు పెద్దది, మనసు మంచిది, ఓపిక కొంచెం. తెర చూసి ఆయన అన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "రావ్ సాబ్, మెకానిక్‌ను నేను పదిచోట్లకు పంపితే తొమ్మిదిచోట్ల లిఫ్టు బాగానే ఉంటుందన్నమాట. పదకొండోసారి వాడు వెళ్తాడా? వెళ్ళడు. చాయ్ తాగి వెళ్ళానని రాస్తాడు." అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. జూన్ మధ్యలో జరిగే సమీక్షకల్లా తప్పుడు హెచ్చరికలు తగ్గాలని, లేకపోతే ప్రాజెక్టు మూసేసి బయటినుంచి ఒక రెడీమేడ్ ప్యాకేజీ కొంటామని చెప్పి వెళ్ళారు.

ప్రాజెక్టు మూస్తే స్రవంతి ఊరికి వెళ్ళవలసిందే. ఆ సాయంత్రం మెట్రో స్టేషన్ దాకా నడుస్తూ, "పీజీ ఆంటీకి నెల ముందే చెప్పాలె సార్, లేకుంటే అడ్వాన్సు ఇయ్యది" అని నవ్వుతూనే అంది. ఆ నవ్వు అంత బాగా లేదు.

మా సర్వీసులో ఒక పాత పద్ధతి ఉంది. ఫిర్యాదు మీద వెళ్ళిన మెకానిక్ 'లోపమేమీ కనబడలేదు' అని రాసుకొస్తే సూపర్‌వైజర్ ఆ మాటను ఒప్పుకోడు. తానే వెళ్ళి, ఆ లిఫ్టులో అరగంటసేపు కిందికీ పైకీ తిరుగుతాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించి, చెవి ఒగ్గి, ఎక్కడ అదురుతోందో వింటాడు. ఈ తప్పుడు హెచ్చరికలు కూడా నాకు అలాంటివిగానే తోచాయి. మోడల్ ఫిర్యాదు చేస్తోంది. మా రికార్డు 'లోపమేమీ లేదు' అంటోంది. అయితే తిరిగి చూడటమే. మోడల్ మరీ పట్టుబట్టి చెబుతున్న, రికార్డులో ఒక్క ట్రాపు కూడా లేని లిఫ్టుల్ని కొన్ని ఏరి, మర్నాడు పొద్దున్నే బయల్దేరాం.

మొదటి రెండు చోట్ల ఏమీ జరగలేదు. మూడోది మయూర్ విహార్‌లో ఒక పాత గ్రూప్ హౌసింగ్ సొసైటీ. ఎనిమిది అంతస్తులు, బ్లాకుకు రెండు లిఫ్టులు. రెండో లిఫ్టు మోడల్ జాబితాలో ఎప్పుడూ పై వరసలోనే ఉంటోంది. రికార్డులో మాత్రం అది మచ్చలేని లిఫ్టు. మ్యాన్ ట్రాప్ లేని సంవత్సరానికిగాను మా ఆఫీసు ఆ సొసైటీకి ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చింది. ఫ్రేము కట్టి లాబీలో వేలాడదీశారు. కింద సంతకం నాదే.

మాతోబాటు ఒక పంజాబీ ఆంటీ ఎక్కారు. చేతి సంచిలోంచి సొరకాయ బయటికి చూస్తోంది. ఆరో అంతస్తు నొక్కారు. నాలుగు దాటాక చిన్న కుదుపు, ఆ తర్వాత నిశ్శబ్దం. లైటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, క్యాబిన్ కదలడం లేదు.

స్రవంతి చప్పట్లు కొట్టింది. "సార్! ఆగింది! నా మోడల్ కరెక్టే సార్!"

నా ఉద్యోగ జీవితంలో మ్యాన్ ట్రాప్‌లో చప్పట్లు వినడం అదొక్కసారే. ఆంటీ ఆ అమ్మాయిని తేరిపార చూశారు. "బేటీ, ఇరుక్కోవడం ఇదే మొదటిసారా? ఇంత సంతోషమా?" అని హిందీలో అడిగి, జవాబు కోసం ఆగకుండా సంచి కింద పెట్టి, ఇంటి తాళం చెవితో తలుపు మీద మూడుసార్లు కొట్టి, "భయ్యా! ఫిర్ సే!" అని కేకేశారు. మళ్ళీ ఆగిందిరా అని.

ఆ 'మళ్ళీ' నా చెవిలో పడింది. నేను జేబులోంచి ఫోను తీసి మా హెల్ప్‌లైన్‌కు చెయ్యబోతుంటే ఆంటీ వారించారు. "వాళ్ళకెందుకు భాయ్ సాబ్, వాళ్ళు వచ్చేసరికి నా సొరకాయ ముదిరిపోతుంది. మా గార్డు ఇప్పుడే తీస్తాడు." నేను ఏ కంపెనీవాణ్ణో చెప్పడానికి అది సమయం కాదనిపించి ఫోను జేబులో పెట్టుకున్నాను.

గార్డు వచ్చాడు. ముందు బయటినుంచి, భయపడొద్దని, తలుపుకు దూరంగా నిలబడమని చెప్పాడు. పైన మెషీన్ రూములో ఉన్న రెండో గార్డుకు మెయిన్ స్విచ్ ఆపమని ఫోను చేశాడు. చేతిచక్రం తిప్పించి క్యాబిన్‌ను అంతస్తుకు సమంగా తెప్పించాడు. అప్పుడు మూడుమూలల తాళం చెవితో బయటి తలుపు తెరిచాడు. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. తప్పదు కూడా, ఎందుకంటే ఏడాదికోసారి సొసైటీల గార్డులకు ఈ శిక్షణ ఇచ్చేది మా విభాగమే. గార్డు నన్ను చూసి గుర్తుపట్టి సెల్యూట్ చేశాడు. "సర్, మీరు చెప్పినట్టే చేశాం. మెయిన్ ఆపకుండా తలుపు ముట్టుకోలేదు."

ఇలా ఎంత తరచుగా జరుగుతుందని అడిగాను. వారానికోసారి, ఒక్కో వారం రెండుసార్లని చెప్పాడు. మాకు ఫోను ఎందుకు చెయ్యలేదంటే, "మేము తీయలేకపోతేనే చెయ్యమని మీరే అన్నారు కదా సర్, తీయగలుగుతున్నాం కదా" అన్నాడు. అన్న మాట నిజమే. శిక్షణలో మేము చెప్పేది అదే.

ఆంటీ వెళ్తూ వెళ్తూ సంగతి ఏమిటని స్రవంతిని ఆరా తీశారు. లిఫ్టు ఎప్పుడు ఆగుతుందో ముందే చెప్పే మెషీన్ అని విని, "లిఫ్టు సంగతి నాకు తెలుసు, నీళ్ళు ఎప్పుడొస్తాయో చెబుతుందేమో అడుగు" అని మెట్ల మీదుగా వెళ్ళిపోయారు.

అప్పటికప్పుడు ఆ ఏరియా సర్వీసు ఆఫీసుకు ఫోను చేసి, ఆ లిఫ్టును ఆపించి, మెకానిక్‌లను రప్పించాను. తలుపు లాకులో ఒక కాంటాక్టు అరిగిపోయి ఉంది. క్యాబిన్ కాస్త అదిరినా తలుపు తెరుచుకుందేమోనని లిఫ్టు అనుమానపడి ఆగిపోతోంది. దాన్ని మార్చేదాకా ఉండి, మధ్యాహ్నం హెడ్డాఫీసు పని మీద వెళ్తూ అశోకా రోడ్డు దగ్గర తెలుగు భోజనానికి ఆగాం. పప్పన్నంలో నెయ్యి వేసుకుంటూ స్రవంతి ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"సార్, మన పట్టికల జవాబు కాలమ్ ఉంది కద. అండ్ల సున్నా అంటే లిఫ్టు ఆగలేదని కాదు. ఫోను రాలేదని."

ఆ ఒక్క వాక్యంతో మా పని దారి మారింది. మెషీన్‌కు మేము నేర్పుతున్న జవాబులే తప్పు. ఆగిన లిఫ్టులు వందలకొద్దీ 'ఆగనివి' అనే గుంపులో కూర్చుని ఉన్నాయి. మోడల్ వాటిని సరిగ్గా వేలెత్తి చూపిస్తుంటే మేము తప్పుడు హెచ్చరికలని లెక్కవేసి దాన్ని దండిస్తున్నాం. గార్డులకు మేము ఎంత బాగా నేర్పితే మా రికార్డులో ట్రాపులు అంత తగ్గుతాయి. మంచి గార్డులున్న సొసైటీలకు ప్రశంసాపత్రాలు, పాపం చేతకాక ఫోను చేసినవాళ్ళకు నల్లమార్కులు. చక్కటి ఏర్పాటు.

మరి ఫోను రాని ట్రాపుల్ని ఎలా కనిపెట్టాలి? అన్నం తింటూనే దానికీ దారి దొరికింది. పెట్టెకు సొంత బ్యాటరీ ఉంది. మెయిన్ ఆపినా అది రాస్తూనే ఉంటుంది. క్యాబిన్ రెండు అంతస్తుల మధ్య ఉంది, లోపల బరువు ఉంది, మెయిన్ ఆపారు, కాసేపటికి బయటి తలుపు తాళం తెరిచారు. ఈ నాలుగూ ఆ వరసలో జరిగితే అది మనిషిని బయటికి తీయడమే. నేను మరో మాట కలిపాను. మెకానిక్ క్యాబిన్ నెత్తి మీదికి ఎక్కి పనిచేసేటప్పుడు కూడా లిఫ్టును మధ్యలో ఆపి మెయిన్ తీస్తాడు. కాబట్టి సర్వీసు విజిట్ ఉన్న రోజుల్ని వదిలెయ్యాలి. స్రవంతి పెరుగన్నం వద్దని లేచిపోయింది. హెడ్డాఫీసులో నేను పని చూసుకుంటున్నంతసేపూ వరండాలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ వారమంతా పాత డేటా తిరగేసింది. నేను నా వంతుగా సొసైటీల గార్డులతో మాట్లాడాను. ఫలానా రోజు మధ్యాహ్నం లిఫ్టులోంచి ఎవరినైనా తీశారా అని అడిగితే, మీకెలా తెలిసింది సర్ అని ఆశ్చర్యపోయారు. రోజులు, వేళలు చాలావరకు సరిపోయాయి. మ్యాన్ ట్రాపుల సంఖ్య ముందు అనుకున్నదానికి ఎన్నో రెట్లయింది. ఇప్పటికీ అవి అరుదైనవే, అసమతుల్యం పూర్తిగా పోలేదు. అయినా మెషీన్‌కు నేర్చుకోవడానికి సరిపడా ఉదాహరణలు, అవీ నిజమైనవి, దొరికాయి. శిక్షల తూకాన్ని మళ్ళీ సరిచేసి పరీక్ష పెడితే పాత తప్పుడు హెచ్చరికల్లో చాలాభాగం నిజమైనవిగా తేలాయి.

ఇంకొక మార్పు నేను అడిగి చేయించాను. మోడల్ ఆగుతుంది, ఆగదు అని తీర్పు చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే ప్రమాదంలో ఉన్నవి పైన వచ్చేలా వరస కడితే చాలు. ఒక మెకానిక్ జట్టు తన మామూలు పని పోను రోజుకు ఎన్ని లిఫ్టులు అదనంగా చూడగలదో నాకు తెలుసు. పైనుంచి అన్నే తీసుకుంటాం. గీత ఎక్కడ గియ్యాలో లెక్కల పుస్తకం చెప్పదు. జట్టులో ఎంతమంది ఉన్నారో, ఎవరు సెలవులో ఉన్నారో చూసుకుని మనమే గియ్యాలి.

జూన్ సమీక్షలో భాటియా గారు కూర్చుంటూనే, "కచ్చితత్వం ఎంత?" అని అడిగారు.

"అది లెక్కపెట్టడం మానేశాం సర్" అని స్రవంతి తొణక్కుండా చెప్పి, రీకాల్, ప్రెసిషన్ చూపించింది. మయూర్ విహార్ సంగతి చెప్పింది. చప్పట్ల ముచ్చట దాటేసింది. అది నేను చెప్పాను. భాటియా గారు పగలబడి నవ్వారు. నవ్వి, ఒక్కసారిగా గంభీరమయ్యారు.

"ఆగండి ఆగండి. అంటే మన ప్రాంతంలో మ్యాన్ ట్రాపులు ఇన్ని రెట్లు పెరిగాయని నేను హెడ్డాఫీసుకు రాయాలా? నా కుర్చీ కిందికి నేనే మంట పెట్టుకోవాలా?"

ఇది నేను ఎదురుచూసిన ప్రశ్నే. ట్రాపులు పెరగలేదు, లెక్కకు వచ్చాయి అన్నాను. లిఫ్టులు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయని స్రవంతి అంది. ఆయనకు ఎక్కలేదు. గార్డులు చెప్పిన మాటలు పట్టుకుని ఎలా పోతామన్నారు. మోడల్‌ను పక్కన పెట్టి ప్యాకేజీ వాళ్ళను పిలుద్దామన్న మాట పెదవుల దాకా వచ్చింది. స్రవంతి చేతిలో పెన్ను మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం.

అప్పుడు ఆయనకే ఒక ఆలోచన వచ్చింది. తాను ఉండే సాకేత్ అపార్టుమెంటులో మన లిఫ్టే కదా, అది జాబితాలో ఎక్కడుందో చూపించమన్నారు. స్రవంతి వెతికింది. మొదటి పేజీలోనే ఉంది. "అసంభవం" అన్నారు భాటియా గారు. "రోజూ ఎక్కుతాను. ఒక్కనాడు ఆగలేదు." అని, రుజువు చేద్దామన్నట్టు ఫోను తీసి, స్పీకరు పెట్టి, ఇంటికి చేశారు. మన లిఫ్టు ఎప్పుడైనా ఆగుతుందా అని భార్యను అడిగారు.

ఆవిడ గొంతు గదంతా వినబడింది. "మీరు ఆఫీసులో ఉన్నప్పుడల్లా ఆగుతుంది. మొన్న మంగళవారం కూడా ఇరుక్కున్నాను. గార్డు తీశాడు. మీకు చెబితే కంపెనీ మీది కాబట్టి నాదే తప్పంటారని చెప్పలేదు."

స్రవంతి తెర మీద ఆ లిఫ్టు వరస తెరిచింది. మంగళవారం దగ్గర మేము కొత్తగా పెట్టిన గుర్తు ఉంది. భాటియా గారు దాన్ని కళ్ళద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు. "ఈ అమ్మాయికి మా ఇంట్లో సంగతి నాకంటే బాగా తెలుసు" అని, ప్రాజెక్టు కొనసాగించే కాగితం మీద అక్కడికక్కడే సంతకం చేశారు. హెడ్డాఫీసుకు పంపిన నివేదికలో, పాత పద్ధతిలో ఎన్ని, కొత్త పద్ధతిలో ఎన్ని అని రెండు లెక్కలూ పక్కపక్కనే చూపించాం. ఎవరి కుర్చీ కిందా మంట రాలేదు.

జూన్ ఆఖరి వారంలో స్రవంతికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. హోదా అసిస్టెంట్ మేనేజర్. పీజీ ఆంటీకి ఖాళీ చెయ్యనని చెప్పడానికి ఫోను చేస్తే, ఆవిడ వెంటనే అద్దె పెంచిందట. అది కూడా నవ్వుతూనే చెప్పింది. ఈసారి నవ్వు బాగుంది.

దానితోబాటు గార్డుల శిక్షణలో ఒక మెట్టు చేర్చాం. మనిషిని బయటికి తీశాక మా నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. మాట్లాడనక్కర్లేదు, ఖర్చు లేదు, ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ఏ సొసైటీ నుంచి వచ్చిందో సిస్టమ్ గుర్తు పెట్టుకుంటుంది. పెట్టె లేని పాత లిఫ్టులకు కూడా అలా లెక్క దొరకడం మొదలైంది. మయూర్ విహార్ సొసైటీకి ఇచ్చిన ప్రశంసాపత్రం వెనక్కి తీసుకుందామని ఎవరో అన్నారు గానీ, గార్డుల పేరు మీద కొత్తది రాసి ఇచ్చాం.

నేను ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ జాబితా ప్రకారమే జట్లను పంపాను. ఆ ప్రాజెక్టు నాకు నేర్పింది ఇది. ఒక విషయం డేటాలో చిటికెడే కనబడితే, దాన్ని లెక్కతో పెంచడానికి కూర్చునేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. అది జరగడమే అరుదా, లేక జరిగినట్టు మన దాకా రావడం అరుదా? మొదటిదైతే కాపీలు, తూకాలు, శిక్షలు పనికొస్తాయి, వాటికి పుస్తకాలున్నాయి. రెండోదైతే వెళ్ళి లిఫ్టు ఎక్కాలి.